హెచ్చరిక పేరుకా, వస్తువుకా?

1996లో మద్రాసు నగరం అధికారికంగా చెన్నై అయింది. తెలుగువారికి ఆ మార్పు అంత కొత్తగా తోచలేదు. చెన్నపట్నం అనే మాట తరతరాలుగా వారి నోట ఉన్నదే. అయినప్పటికీ పాత పేరు ఒక్కనాటితో అంతరించలేదు. ఉన్నత న్యాయస్థానం నేటికీ మద్రాసు హైకోర్టే. విశ్వవిద్యాలయం మద్రాసు విశ్వవిద్యాలయమే. ప్రధాన రైల్వే స్టేషను పేరు ఎన్నిసార్లు మారినా, టిక్కెట్టు మీద దాని సంకేతాక్షరాలు మాత్రం ఎం.ఏ.ఎస్. గానే నిలిచి ఉన్నాయి. ఊరు ఒకటే, పిలిచే పేర్లు మూడు. పాత పేరు కనిపించినంత మాత్రాన పోస్టుమాన్ ఉత్తరాన్ని వెనుకకు పంపడు. ఇకమీదట కొత్త పేరే వ్రాయవలసినదని ఎవరినీ మందలించడు.

మనుషుల వ్యవహారంలో ఇది చెల్లుతుంది. కంప్యూటరు భాషలలో చెల్లదు. అక్కడ పాత పేరు ఏదో ఒకనాడు నిజంగానే రద్దవుతుంది. రద్దయిన మరుక్షణం ఆ పేరును నమ్ముకున్న ప్రోగ్రాం నిలిచిపోతుంది. కనుక ఆ రోజు రాకముందే చెప్పవలసిన బాధ్యత ఒకరి మీద ఉన్నది. ఆ బాధ్యతను చాలా భాషలలో కంపైలర్‌కు అప్పగించారు. అది కొన్నిచోట్ల చెప్పింది, కొన్నిచోట్ల మరచింది, మరికొన్నిచోట్ల తప్పు చేయనివారిని మందలించింది. ఈ అస్థిరత్వం పైకి చిన్న విషయంగా కనిపిస్తుంది. దాని మూలం మాత్రం పేరుకు, వస్తువుకు గల సంబంధంలో ఉన్నది.

విరమణ హెచ్చరిక

ప్రోగ్రామర్ వ్రాసిన వాక్యాలను యంత్రానికి బోధపడే ఆదేశాలుగా మార్చే సాధనమే కంపైలర్. వాక్యంలో దోషం ఉంటే అది పని నిలిపివేస్తుంది. దోషం కాకపోయినా అనుమానించదగినది కనిపిస్తే, ఒక హెచ్చరిక పలికి ముందుకు సాగుతుంది. ఇటువంటి హెచ్చరికలలో ఒక జాతికి డెప్రికేషన్ అని పేరు. ఆ మాటకు మూలమైన లాటిన్ క్రియకు, ప్రార్థించి కీడును తప్పించుకోవడమని అర్థం. "ఈ పేరు ఇప్పటికి పని చేస్తుంది, కాని దయచేసి దీనిని విడిచిపెట్టండి" అన్న వేడికోలే ఈ హెచ్చరిక సారాంశం. తెలుగులో దీనిని విరమణ హెచ్చరిక అనవచ్చు.

ఇక మారుపేర్లు. పొడవైన పేరును ప్రతిసారీ వ్రాయలేక ఒక పొట్టి పేరు పెట్టుకుంటారు. ఒకప్పుడు తొందరలో పెట్టిన పేరు తరువాత బాగా లేదనిపించి మరొకటి పెడతారు. ఒక విభాగంలో ఉన్నదానిని మరొక విభాగానికి తరలించి, పాత చిరునామా వద్ద ఒక పలక ఉంచుతారు. ఈ కడపటి రెండు సందర్భాలలోనే విరమణ హెచ్చరిక అవసరమవుతుంది. వేలాదిమంది వాడే లైబ్రరీలో ఒక పేరును ఒక్కసారిగా మార్చివేస్తే, ఆ వేలాదిమంది ప్రోగ్రాములూ ఒకేసారి ఆగిపోతాయి. అందుచేత పాత పేరును కొంతకాలం మారుపేరుగా ఉంచి, దానికి హెచ్చరిక తగిలించి, గడువు ముగిసిన పిమ్మట తీసివేయడం మర్యాద.

చిక్కు ఇక్కడే పుడుతుంది. కంపైలర్ ఒక పేరును చూడగానే తన చిట్టా తిరగవేసి, అది ఏ వస్తువుకు చెందినదో తేల్చుకుంటుంది. తేల్చుకున్న తరువాత దానికి వస్తువుతోనే పని. పేరుతో పని లేదు. రెండు పేర్లు ఒకే వస్తువును చూపిస్తే, కొన్ని మెట్లు దిగిన తరువాత ప్రోగ్రామర్ ఏ పేరు వ్రాశాడో దానికి గుర్తుండకపోవచ్చు. విరమణ హెచ్చరిక మాత్రం పూర్తిగా పేరుకు సంబంధించినది. వస్తువులో ఏ లోపమూ లేదు. హెచ్చరిక ముద్రను వస్తువు మీద వేస్తే కొత్త పేరు వాడినవారికి కూడా చీవాట్లు తప్పవు. మారుపేరు మీద వేస్తే, దానిని చూడకుండానే కంపైలర్ దాటిపోయే ప్రమాదం ఉన్నది.

భాషకొక తీరు

జావా భాషలో విరమణ సూచన 1997 నుంచీ ఉన్నది. 2004లో వచ్చిన 5వ కూర్పులో దానికి ప్రత్యేకమైన గుర్తు ఏర్పడింది. అనవసరమైన హెచ్చరికను అణచిపెట్టే మరొక గుర్తు కూడా ఆ కూర్పుతోనే వచ్చింది. పాతబడిన వస్తువును తెలిసి తెలిసీ వాడవలసి వచ్చినప్పుడు, ఆ చోట అణచివేత గుర్తు ఉంచితే కంపైలర్ మౌనం వహిస్తుంది. జావాలో ఫైలు మొదట ఇంపోర్టు వాక్యాలు వ్రాస్తారు; ఒక పొడవైన పేరును ఈ ఫైలులో పొట్టిగా పిలుస్తామని చెప్పుకోవడమే వాటి ప్రయోజనం. పాతబడిన వస్తువు పేరు ఇంపోర్టు వాక్యంలో కనిపించినా కంపైలర్ హెచ్చరించేది. అయితే అణచివేత గుర్తును ఇంపోర్టు వాక్యానికి తగిలించే వీలు భాషలోనే లేదు. అసలు వాడుక వద్ద హెచ్చరికను అణచగలిగిన ప్రోగ్రామర్, కేవలం పేరు తలచిన చోట అణచలేకపోయాడు. పెద్ద ప్రోగ్రాములను హెచ్చరికలు లేకుండా శుభ్రపరచాలని పూనుకున్నవారికి ఇది అడ్డుగోడ అయింది. 2017లో వచ్చిన 9వ కూర్పులో ఇంపోర్టు వాక్యాలపై ఆ హెచ్చరికలను తొలగించారు. పేరును పరిచయం చేయడం వేరు, దానిని వాడుకోవడం వేరు అన్న వివేకం భాషకు అలవడడానికి 13 ఏండ్లు పట్టింది.

సీ ప్లస్‌ప్లస్ భాషకు 2014 నాటి ప్రమాణంలో విరమణ గుర్తు లభించింది. అంతకు ముందు ఒక్కొక్క కంపైలర్ తనదైన గుర్తును వాడుతుండేది. కొత్త గుర్తును రకాలకు, వాటి మారుపేర్లకు కూడా తగిలించవచ్చునని ప్రమాణం అనుమతించింది. పేర్ల సముదాయాలకు, అంటే నేమ్‌స్పేసులకు, ఆ సౌకర్యం 2017 ప్రమాణంతో కలిగింది. అయితే నేమ్‌స్పేసుకు పెట్టిన మారుపేరుకు ఆ గుర్తు తగిలించే చోటును వ్యాకరణం చూపలేదు. ఇంటి మీద నోటీసు అంటించవచ్చు, ఇంటికి దారి చూపే పలక మీద మాత్రం అంటించరాదు అన్నట్లయింది. సముదాయం పేరు మార్చదలచినవాడికి కావలసినది పలక మీది నోటీసే.

రస్ట్ భాషలో విరమణ గుర్తు 2016 మే నెలలో, 1.9 కూర్పుతో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఒక రకానికి మారుపేరు పెట్టి, ఆ మారుపేరుకు గుర్తు తగిలిస్తే హెచ్చరిక సక్రమంగా వస్తుంది. ఒకచోటి వస్తువును మరొకచోటి నుంచి కూడా అందించే పునరెగుమతి వాక్యానికి అదే గుర్తు తగిలిస్తే మాత్రం ఏండ్ల తరబడి ఏ హెచ్చరికా రాలేదు. గుర్తు వ్రాసిన లైబ్రరీ కర్త తన పని అయిందనుకున్నాడు. వాడుకరికి ఏమీ వినిపించలేదు. పోనీ, అన్నిచోట్లా మొదటి పద్ధతినే అనుసరించవచ్చు గదా అంటే అదీ సాధ్యం కాదు. కొన్ని నిర్మాణాలకు రకం పేరే నిర్మించే ప్రమేయానికి కూడా పేరు. రకానికి పెట్టిన మారుపేరు ఆ రెండవ పాత్రను నిర్వహించలేదు. ప్రమేయాలకైతే ఆ విధమైన మారుపేరే లేదు. హెచ్చరిక కోసం మారుపేరు పద్ధతి మారిస్తే, హెచ్చరించదలచిన ప్రోగ్రామే విరిగే ప్రమాదం ఉన్నది.

గో భాష మరొక దారి పట్టింది. ఆ భాష కంపైలర్ హెచ్చరికలే పలకదు. దోషమైతే ఆపుతుంది, కాకపోతే మాట్లాడదు. 2017 ఆగస్టులో 1.9 కూర్పుతో ఆ భాషలోకి రకాల మారుపేర్లు వచ్చాయి. పెద్ద ప్రోగ్రాములలో వస్తువులను ఒకచోటి నుంచి మరొకచోటికి క్రమక్రమంగా తరలించడానికి వీలు కలగడమే వాటి ఉద్దేశం. విరమణ సూచనను వ్యాఖ్యలో ఒక నియతమైన మాటతో ఆరంభమయ్యే పేరాగా వ్రాస్తారు. దానిని చదివి చెప్పే పని కంపైలర్‌ది కాదు, వేరే పరిశీలక సాధనాలది. 2021 ఫిబ్రవరిలో ఒక ప్రసిద్ధ విభాగానికి విరమణ ప్రకటించినప్పుడు కూడా పాత పేర్లు యథాప్రకారం పని చేస్తాయని హామీ ఇచ్చారు. పాత పేరును ఎన్నడూ తీసివేయనని మాట ఇచ్చినవాడు మౌనంగా ఉండవచ్చు. తీసివేయదలచినవాడికి ఆ మౌనం తగదు.

నంపై ఉదంతం

పేరుకు, వస్తువుకు నడుమ గల ఈ చిక్కు అత్యంత స్పష్టంగా కనిపించేది పైథాన్ భాషలోని నంపై అనే లైబ్రరీ చరిత్రలో. అంకగణిత పట్టికలను వేగంగా గుణించి కూడే ఈ లైబ్రరీ మీద ప్రపంచమంతటా విజ్ఞాన పరిశోధన ఆధారపడి ఉన్నది. పైథాన్‌లో విరమణ హెచ్చరిక ప్రోగ్రాం నడిచే సమయంలో వెలువడుతుంది. చిక్కు మాత్రం అదే.

పూర్ణాంకాలకు పైథాన్‌లో ఇంట్ అనే సహజమైన రకం ఉన్నది. నంపై తన పరిధిలో కూడా అదే పేరును ఉంచుకున్నది. చాలామంది దానిని నంపై వారి ప్రత్యేకమైన, నిర్ణీత పరిమాణం గల పూర్ణాంకమని భ్రమించారు. నిజానికి అది పైథాన్ ఇంట్‌కు మారుపేరు మాత్రమే. పట్టికకు రకంగా దానిని వాడినప్పుడు లైబ్రరీ తన వాడుక పరిమాణాన్ని ఎంచుకునేది. ఆ పరిమాణం లినక్స్ యంత్రాలలో సాధారణంగా 64 బిట్లు, విండోస్ యంత్రాలలో 32 బిట్లుగా ఉండేది. ఒకే ప్రోగ్రాం రెండు యంత్రాల మీద రెండు విధాల ప్రవర్తించడానికి ఇది చాలును. కనుక ఆ మారుపేరును తొలగించడం సమంజసమే.

తొలగించే ముందు హెచ్చరించడమెలా? నంపైలోని ఇంట్ వేరే వస్తువు కాదు; పైథాన్ ఇంట్ తానే. దాని మీద హెచ్చరిక ముద్ర వేయడమంటే, లోకంలోని ప్రతి పైథాన్ ప్రోగ్రాములో పూర్ణాంకం కనిపించినప్పుడల్లా మందలించడమే. పేరు మీద ముద్ర వేయాలి. పేరుకేమో ముద్ర నిలిచే ఒళ్ళు లేదు. 2018లో వచ్చిన పైథాన్ 3.7 కూర్పు దీనికి ఒక మార్గం చూపింది. ఒక విభాగంలో లేని పేరును ఎవరైనా అడిగినప్పుడు, జవాబు చెప్పడానికి గుమాస్తా వంటి ఒక ప్రమేయాన్ని నియమించుకునే వీలు కలిగించింది. నంపై నిర్వాహకులు పాత మారుపేర్లను చిట్టా నుంచి కొట్టివేసి, గుమాస్తాను కూర్చోబెట్టారు. పాత పేరు అడిగినవారికి గుమాస్తా ముందు హెచ్చరిక చెప్పి, పిదప వస్తువును అందించేవాడు. 2021 జనవరిలో 1.20 కూర్పుతో ఈ ఏర్పాటు అమలయింది. దానికి బదులు ఏ పేరు వాడవలెనో కూడా ఆ హెచ్చరిక చెప్పింది. 2022 డిసెంబరులో, 1.24 కూర్పులో, గుమాస్తా వస్తువును అందించడం మానివేశాడు.

ఇంత జాగ్రత్త తీసుకున్నా ఆ డిసెంబరు తరువాత ఎన్నో ప్రోగ్రాములు ఆగిపోయాయి. నంపైలో ఇంట్ అనే పేరు లేదన్న సందేశం అనేకులకు పిడుగుపాటయింది. దానికి కారణం పైథాన్‌లోని మరొక నియమం. సాధారణ వాడుకరులను వేధించరాదన్న సదుద్దేశంతో, 2010 నాటి 2.7 కూర్పు నుంచి, 2011 నాటి 3.2 కూర్పు నుంచి, విరమణ హెచ్చరికలను మామూలుగా చూపకుండా దాచిపెట్టారు. 3.7 కూర్పులో ఆ తెరను కొంత తొలగించారు. ప్రోగ్రామర్ తాను నేరుగా నడిపే ఫైలులో పాత పేరు ఉంటే హెచ్చరిక కనిపిస్తుంది. అతడు ఆధారపడిన మరొక లైబ్రరీలో అదే పేరు, అదే వాక్యం ఉంటే కనిపించదు. పరీక్షా సాధనాలు వాడేవారికి అన్నీ వినిపిస్తాయి. ఎవరో వ్రాసిన పాత లైబ్రరీని తెచ్చుకుని తన పరిశోధనకు వాడుకునే విద్యార్థికి ఏమీ వినిపించదు. చివరకు నష్టపోయేది ఆ విద్యార్థే. అయిదేండ్ల క్రితం సమర్పించిన సిద్ధాంత వ్యాసంలోని లెక్కను తిరిగి చేసి చూపమని పరీక్షకుడు అడిగిననాడు, తప్పు ఏ ఫైలులో ఉన్నదో కూడా అతనికి తెలియదు.

ఈ కథకు మరొక మలుపు ఉన్నది. తొలగించిన మారుపేర్లలో బూల్ అనేది ఒకటి. అది పైథాన్ సత్యాసత్య రకానికి మారుపేరుగా ఉండేది. 2024 జూన్‌లో వచ్చిన నంపై 2.0 కూర్పులో అదే పేరు మళ్ళీ ప్రత్యక్షమయింది. ఈసారి నంపై వారి సొంత సత్యాసత్య రకానికి పేరుగా. 2020 నాటి కూర్పు నుంచి నేరుగా 2024 నాటి కూర్పుకు మారినవారు ఏ హెచ్చరికనూ, ఏ దోషాన్నీ చూసి ఉండరు. పేరు అదే, వస్తువు వేరు.

నాన్నా, పులి!

గడువు చెప్పి తప్పించుకోవడం మరొక జాడ్యం. పైథాన్‌లోని కలెక్షన్స్ అనే విభాగం నుంచి కొన్ని నమూనా రకాలను 2012లో, 3.3 కూర్పులో, ప్రత్యేక ఉపవిభాగానికి తరలించారు. పాత చోట మారుపేర్లు ఉంచారు. మొదటి 6 ఏండ్లు వాటిని వాడినవారికి ఏ హెచ్చరికా లేదు. 2018లో 3.7 కూర్పు హెచ్చరించడం ఆరంభించి, 3.8లో ఇవి పని చేయవని చెప్పింది. 3.8 వచ్చింది, పని చేశాయి, హెచ్చరిక మాత్రం 3.9కి మారింది. 3.9 వచ్చింది, అప్పుడూ పని చేశాయి, గడువు 3.10కి జరిగింది. 2021 అక్టోబరులో 3.10 వచ్చింది. ఈసారి నిజంగానే తీసివేశారు. "నాన్నా, పులి!" అని ఆటపట్టించిన కుర్రవాడి కథ తెలిసినవారికి దీని పర్యవసానం వేరే చెప్పనక్కరలేదు. పాత పేరుతో నిద్రపోతున్న లైబ్రరీలు ఒక్కసారిగా మేలుకోవలసి వచ్చింది.

ఒక న్యాయం కూడా చెప్పుకోవాలి. ఆ వాయిదాలు వాడుకరుల మీది దయతో ఇచ్చినవే. పాత పైథాన్‌నూ కొత్త పైథాన్‌నూ ఏకకాలంలో పోషిస్తున్న లైబ్రరీలకు ఊపిరి తీసుకునే వ్యవధి కావలసి వచ్చింది. అయితే గడువును జరపడం దయ కాగా, జరిపే అవకాశమున్న గడువును ఖచ్చితమైనదిగా ప్రకటించడం పొరపాటు.

ఎటువంటి హెచ్చరిక కావాలి?

అస్థిరమైన హెచ్చరిక కేవలం నిరుపయోగమే కాదు, హానికరం కూడా. అనేక సంస్థలలో హెచ్చరికలన్నింటినీ దోషాలుగా పరిగణించవలసినదని కంపైలర్‌ను ఆదేశించే అలవాటు ఉన్నది. అటువంటిచోట, నిన్నటిదాకా మౌనంగా ఉన్న మారుపేరు మీద కంపైలర్ కొత్త కూర్పు హఠాత్తుగా నోరు విప్పితే పని మొత్తం నిలిచిపోతుంది. అప్పుడు జనం చేసే పని పేరు మార్చడం కాదు, హెచ్చరికల నోరు నొక్కడం. ఒకసారి నొక్కిన నోరు నిజమైన ప్రమాదంలోనూ తెరుచుకోదు.

మంచి విరమణ హెచ్చరిక మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఏ పేరు వదలాలి, దాని స్థానంలో ఏది వాడాలి, ఎప్పటిలోగా మారాలి. జావా 9వ కూర్పు ఈ దిశలో ఒక మంచి అడుగు వేసింది. ఏ కూర్పు నుంచి విరమణ ప్రకటించారో, వస్తువును నిజంగా తొలగించనున్నారో లేక వాడవద్దని సలహా మాత్రమే ఇస్తున్నారో వేరువేరుగా తెలిపే ఏర్పాటు చేసింది. సలహాకు, శాసనానికి గల తేడా వినేవానికి తెలియడం అవసరం.

అంతకంటె ముఖ్యమైనది, ప్రోగ్రామర్ స్వయంగా వ్రాసిన పేరును కంపైలర్ చివరిదాకా జ్ఞాపకం ఉంచుకోవడం. ఇది అసాధ్యమేమీ కాదు. సీ ప్లస్‌ప్లస్‌కు వాడే క్లాంగ్ కంపైలర్, దోషాలను వివరించేటప్పుడు ప్రోగ్రామర్ వాడిన మారుపేరునే ముందు చెప్పి, దాని అసలు రూపాన్ని పక్కన చూపుతుంది. వస్తువును తెలుసుకున్నంత మాత్రాన పేరును పారవేయనక్కరలేదని దాని నిర్మాతలు గ్రహించారు. దోషం చెప్పడానికి పనికివచ్చిన ఆ జ్ఞాపకం హెచ్చరిక చెప్పడానికీ పనికివస్తుంది. ఆ జ్ఞాపకం ఉన్నప్పుడు కొత్త పేరు వాడినవానికి చీవాట్లు తప్పుతాయి. పాత పేరు వాడినవానికి, అతడు ఏ దారిన దానిని తెచ్చుకున్నా, ఒకే మాట వినిపిస్తుంది.

మద్రాసు పేరు వ్రాసిన ఉత్తరం చెన్నై చేరడానికి కారణం, ఆ రెండు పేర్లూ తెలిసిన మనిషి ఒకడు నడుమ ఉండడం. యంత్రానికి ఆ ఓర్పు లేదు. పేరు చిట్టాలో లేకపోతే ఉత్తరాన్ని చించివేస్తుంది. అటువంటి యంత్రానికి పేర్లు నేర్పేవారు, పాత పలకను పీకివేయడానికి ముందు ఆ దారిన వచ్చే ప్రతివాడి చెవినీ ఆ మాట వేయవలసి ఉన్నది.